నిద్రలో దేహము చేయు పని



ఆకలి రుచి యెఱుగదు, నిద్ర సుఖ మెఱుగదు అను సామెత ఎల్లరకు తెలిసినదే. పట్టుపరుపైనను నులకమంచమైనను కన్ను మూతపడిన పిమ్మట ఒక్కటే. అయితే ఈ సామెతకు మఱియొక అర్థమును గూడ చెప్పవచ్చును. నిద్రించువాడు సుఖమునే కాదు, ఆ ఆరేడు గంటలలో తన దేహమున ఏమి జరిగినదో కూడ ఎఱుగడు. రాత్రి పండుకొనినది తెలియును, ఉదయమున లేచినది తెలియును. నడుమ నున్నది వ్రాయని కాగితము. 60 ఏండ్లు బ్రతికిన మనుష్యుని ఆయువులో ఇంచుమించు 20 ఏండ్లు ఈ వ్రాయని కాగితములే. అందుచేతనే కాబోలు, నిద్రను నష్టముక్రింద కట్టుట లోకములో పరిపాటి యైనది. ఎక్కువ నిద్రించువాడు సోమరి యనియు, తక్కువ నిద్రించువాడు కష్టజీవి యనియు పేరు. పరీక్షలు దగ్గఱపడినప్పుడు పిల్లల దినచర్యలో మొట్టమొదట కోతపడునది నిద్రకే. ఆ కాగితము నిజముగా వ్రాయనిదేనా యని విచారించుటయే ఈ ప్రసంగమునకు విషయము.

ఈ విచారణ క్రొత్తది కాదు. బృహదారణ్యకోపనిషత్తులో గార్గ్యుడను బ్రాహ్మణునకును, కాశీరాజైన అజాతశత్రువునకును జరిగిన సంవాదమొకటి కలదు. రాజు గార్గ్యుని చేయి పట్టుకొని, నిద్రించుచున్న ఒక మనుష్యుని కడకు తీసికొనిపోయెను. గొప్ప గొప్ప నామములతో పిలిచినను వాడు లేవలేదు. చేతితో తట్టి కదిపినప్పుడు లేచెను. ఇంతవఱకు ఇతడెక్కడ నుండెను, ఎక్కడనుండి తిరిగి వచ్చెనని రాజు అడుగగా గార్గ్యునకు సమాధానము తోచలేదు. పతంజలి తన యోగసూత్రములలో నిద్రను చిత్తవృత్తులైదింటిలో ఒకదానిగా లెక్కించెను. ఇది గమనింపదగిన సంగతి. నిద్ర యనగా చిత్తము పని మానుట కాదు; అదియు చిత్తము చేయు పనులలో నొకటి యన్నమాట. చరకుడు శరీరమును నిలుపు ఊతలు మూడని చెప్పి, ఆహారము తరువాత నిద్రనే పేర్కొనెను.

ప్రశ్న ప్రాచీనమైనదే యైనను, నిద్రించువానిని లేపకుండ వాని లోపల జరుగుదానిని చూచు ఉపాయము 20వ శతాబ్దము వఱకు లేకుండెను. లేపి యడిగిన నిద్ర పోవును. లేపకున్న చెప్పువాడు లేడు. జర్మనీ దేశములోని యేనా పట్టణమున హాన్స్ బెర్గర్ అను వైద్యుడు 1924లో మనుష్యుని తలకు లోహపు తీగెలు తగిలించి, మెదడులో పుట్టు అతిసూక్ష్మమైన విద్యుత్తును కాగితముపై గీతలుగా దింపెను. 1929లో దానిని ప్రకటించెను. కొన్నేండ్లు తోడి పండితులు నమ్మలేదు. పిమ్మట అట్టి యంత్రమునే నిద్రించువారికి తగిలించి, 1937లో అమెరికాలో లూమిస్ అను నతడును ఆయన సహచరులును నిద్ర ఒకే తీరున నుండదనియు, అందు మెట్లుమెట్లుగా దిగు దశలు కలవనియు తేల్చిరి.

మొదటి మెట్టు మాగన్ను. ప్రక్కవాని మాట దూరమునుండి వచ్చుచున్నట్లు వినబడును. ఈ దశలోనే కొందఱికి మెట్టు జారినట్లు, గట్టు తప్పినట్లు ఒడలెల్ల ఒక్కసారి ఉలికిపడును. అది జబ్బు కాదు. మెలకువ చేతినుండి నిద్ర చేతికి పగ్గములు మారునప్పటి కుదుపు. రెండవది తేలిక నిద్ర. రాత్రిలో ఇంచుమించు సగము దీనికే పోవును. అటుపిమ్మట గాఢనిద్ర. మెలకువలో సన్ననివై వడిగా పరుగిడు మెదడు తరంగములు ఇప్పుడు సెకనుకు ఒకటి రెండు చొప్పున పెద్దవై, మెల్లనివై, సముద్రపు టలలవలె లేచి పడుచుండును. బుఱ్ఱకథ చూడబోయి తల్లి ఒడిలో నిద్రించిన పిల్లవానిని భుజముపై వేసికొని ఇంటికి తెచ్చి పండుకొనబెట్టినను వానికి తెలియదు. అది ఈ గాఢనిద్రయే.

అప్పుడు గుండె నెమ్మదించును. రక్తపు పోటు పగటికంటె నూటికి 10 మొదలు 20 పాళ్ళ వఱకు తగ్గును. ఊపిరి సమముగా సాగును. ఒంటి వేడిమి రాత్రి గడచుకొలదిని తగ్గుచు, వేకువకు ముందు సుమారు ఒక డిగ్రీ మేర దిగి, పిదప పెరుగ నారంభించును. మూత్రపిండములకు నీటిని పొదుపు చేయుమని చెప్పు హార్మోను రాత్రి అధికముగా వెలువడును. పగలు మూడు గంటలకొకసారి లేవవలసిన మనుష్యుడు రాత్రి ఆరేడు గంటలు కదలక పండుకొనగలుగుట అందుచేతనే.

ఇదంతయు విశ్రాంతియే కదా యనవచ్చును. కాని సరిగా ఈ సమయముననే, మెదడు అడుగున బఠానీగింజంత యుండు పీయూషగ్రంథి పెరుగుదల హార్మోనును రక్తములోనికి విడుచును. 1968లో అమెరికా పరిశోధకులు నిద్రించువారి రక్తమును మాటిమాటికి తీసి పరీక్షించి, ఈ హార్మోను మిక్కుటముగా వెలువడునది నిద్రపట్టిన తరువాత వచ్చు తొలి గాఢనిద్రలో నని ప్రకటించిరి. బిడ్డల ఎముకలు సాగుటకును, పెద్దల కండరములలో పగలు అరిగినది బాగుపడుటకును ఇది తోడ్పడును. పిల్లలు నిద్రలో పెరుగుదురని ముసలమ్మలు చెప్పు మాట ఒట్టి లాలన కాదు.

నిద్రలో చెవి సైతము పూర్తిగా మూతపడదు. 1960లో బ్రిటన్ దేశమున ఆస్వాల్డ్ అను నతడును ఆయన సహచరులును నిద్రించువారికి పెక్కు పేర్లు వినిపించి చూచిరి. పరుల పేర్లకంటె తమ పేరు వినబడినప్పుడు వారి మెదడు గీతలు ఎక్కువగా చలించినవి. అనగా లోపలి కావలివాడు ప్రతి శబ్దమును వినుచు, పనికివచ్చు దానికే తలుపు తీయుచున్నాడు. ఉరుమునకు లేవని తల్లి బిడ్డ మూలుగునకు లేచుటలోని రహస్యమిదియే. అజాతశత్రువు ఆ నిద్రితుని పిలిచినవి గొప్ప నామములే గాని, వాని తల్లి పెట్టిన పేరు కాదు. ఆ పేరున పిలిచియుండిన కథ ఎటు తిరిగెడిదో!

ఇంతవఱకు చెప్పినది నిద్రలో ఒక భాగపు కథ. రెండవ భాగము బయటపడిన తీరు మిక్కిలి చిత్రమైనది. షికాగో విశ్వవిద్యాలయమున నాథేనియల్ క్లైట్మన్ ఆచార్యుని కడ యూజీన్ అసెరిన్స్కీ అను విద్యార్థి యుండెను. అతడు తన ఎనిమిదేండ్ల కుమారునికి తలమీదను కనుల ప్రక్కలను తీగెలు అంటించి, ఒక పాత యంత్రముతో రాత్రి కాపు కాసెను. పిల్లవాడు మంచి నిద్రలో నుండగా యంత్రపు కలములు మేల్కొనినవాని చూపులవలె అటునిటు గంతులు వేయసాగినవి. యంత్రము చెడినదేమో యనుకొనెను. పోయి చూడగా పిల్లవాడు నిద్రించుచునే యున్నాడు. మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు మాత్రము చరచర కదలుచున్నవి. గురుశిష్యులు 1953లో దీనిని ప్రకటించిరి. కనులిట్లు కదలునప్పుడు లేపినవారిలో అధికసంఖ్యాకులు తాము స్పష్టమైన కల కనుచుంటిమని చెప్పిరి. వీధిలో పండుకొనిన కుక్క కాళ్ళు విదిలించుచు సన్నగా మొఱుగుటను ఎన్ని తరములవారు చూచియుందురో. దానిని పరిశోధించుటకు ఇన్నాళ్ళు పట్టినది.

ఆ తరువాత 1959లో ఫ్రాన్సు దేశములోని లియోన్ నగరమున మిషెల్ జూవే అను పండితుడు పిల్లులను పరీక్షించి, ఈ దశలో మెదడు మెలకువలో వలె చురుకుగా నుండగా ఒంటి కండరములు మాత్రము చచ్చుబడి యుండునని చూపెను. మెదడు చూచిన మేల్కొనినట్లు, ఒడలు చూచిన కాడువారినట్లు. అలంకారశాస్త్రము చదివినవారికి విరోధాభాస మెట్టిదో తెలియును. జూవే తన భాషలో ఈ నిద్రకు పెట్టిన పేరునకు అర్థము కూడ అట్టిదే. కండరముల నిట్లు కట్టివేయుట దేహము పన్నిన రక్షణోపాయము. లేనిచో కలలో దొంగను తఱుమువాడు నిజముగా మంచము దిగి పరుగిడును. కనులను కదల్చు కండరములకును, ఊపిరి ఆడించు కండరమునకును మాత్రమే ఈ కట్టుబాటునుండి మినహాయింపు.

అప్పుడప్పుడు మెదడు ముందు మేల్కొని, కండరముల కట్టు విడుటకు కొన్ని క్షణములు ఆలస్యమగును. కన్ను తెఱచియే యుండును, చేయి కదలదు, గొంతు పెగలదు, కలలోని రూపము ఇంకను గదిలో నిలిచినట్లుండును. దయ్యము గుండెలపై కూర్చున్నదని పల్లెలలో చెప్పుదురు. ఎందఱో పడుచువాండ్రను దీనికై భూతవైద్యుల కడకు త్రిప్పిరి. ఇది నిద్రకొఱత గలవారికి, వేళ తప్పి పండుకొనువారికి తఱచుగా వచ్చును; కొలది క్షణములలోనో నిమిషములలోనో తనంత విడిపోవును. తాయెత్తునకు పెట్టు వ్యయముతో మంచి దోమతెర కొనవచ్చును.

కండరములు సడలుటలో మఱియొక చిక్కు కలదు. కొందఱికి గొంతులోని మెత్తని భాగములు సడలి ఊపిరిదారి మూసికొనిపోవును. గుఱక పెద్దదై, హఠాత్తుగా ఆగి, కొన్ని క్షణములు నిశ్శబ్దముగా నుండి, ఉక్కిరిబిక్కిరితో మరల మొదలగును. ఆగినప్పుడెల్ల రక్తములో ప్రాణవాయువు తగ్గి మెదడు అరకొరగా మేల్కొనును. ఒక రాత్రిలో ఇట్లు పెక్కుమార్లు జరుగును; ఉదయమున అతనికి ఒక్కటియు జ్ఞాపకముండదు, పగలు మాత్రము కూర్చున్నచోటనే కునుకు పట్టును. గుఱక పెట్టువాడు మంచి నిద్రలో నున్నాడని ఇంటివారు సంతోషింతురు. ఇట్లు ఆగి ఆగి వచ్చు గుఱకను వైద్యునికి చూపవలయును. అది రక్తపు పోటునకును గుండెకును చెఱుపు చేయునది.

ఈ దశలన్నియు కలసి సుమారు 90 నిమిషముల ఆవృత్తి. రాత్రికి నాలుగైదు ఆవృత్తులు నడచును. అయితే అన్ని ఆవృత్తులు ఒక్క తీరువి కావు. తొలిజాములలో గాఢనిద్ర పాలు అధికము. వేకువ సమీపించుకొలది అది సన్నగిలి కలలనిద్ర పాలు పెరుగును. తల్లిదండ్రులు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఇదియే. రాత్రి 11 గంటలకు పండుకొనిన విద్యార్థిని 4 గంటలకు లేపినచో, వానికి అన్ని తీరుల నిద్రలోను కొంచెము కొంచెము తగ్గినదని తలపరాదు. కలలనిద్రలో పెద్దపాలు పోయినది. చీర పొడవున రెండు మూరలు తగ్గుట వేఱు, కొంగే లేకుండ పోవుట వేఱు.

ఆ పోయినదానితో చదువునకు సంబంధమున్నది. పగలు నేర్చిన విషయములు మొదట మెదడులోని హిప్పోక్యాంపస్ అను చిన్న భాగముపై ఎక్కువగా ఆధారపడి యుండును. ఇది చిట్టా వంటిది. ఎవడు వచ్చిన వాని పద్దు, ఏ వేళకు ఏది జరిగిన అది, వరుసగా ఎక్కుచుండును. చిట్టాలో ఉన్నంతమాత్రమున లెక్క నిలిచినట్లు కాదు. దానిని ఖాతాలవారీగా ఆవర్జాకు ఎక్కించవలయును. మెదడు ఆ పనిని చాలవఱకు రాత్రి చేయుచున్నది. 1994లో అమెరికా పరిశోధకులు ఎలుకలయందు, మెలకువలో తిరుగునప్పుడు కలసి పనిచేసిన మెదడు కణములే పిదప గాఢనిద్రలో మరల కలసి పనిచేయుటను కనుగొనిరి. పగటి దారిని ఎలుక నిద్రలో తిరిగి త్రొక్కుచున్నదన్నమాట. గాఢనిద్రలో ఈ ఎక్కింపు సాగుననియు, కలలనిద్రలో క్రొత్త పద్దును పాత పద్దులతో జతపఱచుట, మనస్సును కలచిన సంగతుల వేడి తగ్గించుట జరుగుననియు పలువురి అభిప్రాయము. రెండవదానిపై ఇంకను వాదములు కలవు. నేర్చిన పిమ్మట నిద్రించినవాడు, నిద్ర మానినవానికంటె బాగుగా జ్ఞాపకముంచుకొనుననుటలో మాత్రము అంత వివాదము లేదు. రాత్రియంతయు చిట్టా వ్రాసి ఆవర్జా ముట్టనివాడు జమాబందీ నాడు పడు పాటు ఎట్టిదో, తెల్లవార్లు చదివి పరీక్షకు పోవు బాలుడు పడు పాటు నట్టిదే. 13 మొదలు 18 ఏండ్ల వయస్సువారికి 8 మొదలు 10 గంటల నిద్ర కావలెనని వైద్యులు చెప్పుచున్నారు. పెద్దవారికి 7 గంటలకు తక్కువ కారాదు.

బ్రాహ్మీముహూర్తమున లేచి చదువుట పెద్దల ఆచారము కదా యని కొందఱడుగుదురు. ఆచారము మంచిదే. కాని ఆముదపు దీపపు కాలములో ఆ పెద్దలు రాత్రి ఎనిమిదింటికే పక్క చేరిరన్న సంగతి మఱవరాదు. లేచువేళను మాత్రము నిలుపుకొని పండుకొను వేళను విడిచిపెట్టుట సగము ఆచారము. మెదడు నడుమ, రెండు కంటినరములు కలియు చోటికి పైన, సుమారు 20,000 కణముల గుంపు గడియారమువలె పనిచేయుచున్నది. కంటిలో పడు వెలుగునుబట్టి అది వేళను దిద్దుకొనును. చీకటిపడగానే పీనియల్ అను గ్రంథి మెలటోనిన్ అను పదార్థమును విడుచుచు రాత్రియైనదని దేహమెల్ల చాటును. 1958లో అమెరికాలో లెర్నర్ అను వైద్యుడు దీనిని వేఱుచేసెను. కంటి కెదుట దీపము వెలుగుచుండిన ఈ చాటింపు మందగించును. చేతి ఫోనును ముఖమునకు ఆనించుకొని పండుకొనువాడు నడిరేయి తన గడియారమునకు సాయంకాలమని చెప్పుచున్నాడు.

తేనీటి సంగతియు ఇట్టిదే. మేల్కొనియున్నంత సేపు మెదడులో అడినోసిన్ అను పదార్థము పేరుకొనుచుండును. అదియే కనుఱెప్పల బరువు. నిద్రలో అది తఱుగును. టీ, కాఫీలలోని కెఫీను ఆ పదార్థమును తగ్గింపదు. అది కూర్చుండవలసిన పీటపై తాను కూర్చుండును. అప్పులవాడు వాకిట నిలిచియుండగా తలుపు గడియ వేసికొనినట్లే. అప్పు తీఱలేదు. పైగా త్రాగిన కెఫీనులో సగము తఱుగుటకు సుమారు ఐదు గంటలు పట్టును. తెల్లవారుజామున రెండు మొదలు ఐదు గంటల నడుమ, ఒంటి వేడిమి అట్టడుగున నుండగా, టీ త్రాగి లారీ నడపువాని చేతిలో ఎందఱి ప్రాణములున్నవో రహదారి ప్రక్క గ్రామములవారికి వేఱుగా చెప్పనక్కఱలేదు.

నిద్రలో మెదడు తనలోని వ్యర్థపదార్థములను కడిగివేయుననియు ఒక సిద్ధాంతమున్నది. 2013లో అమెరికాలోని రోచెస్టరు విశ్వవిద్యాలయమువారు చుంచెలుకలయందు, నిద్రలో మెదడు కణముల నడుమ సందులు నూటికి 60 పాళ్ళు విశాలమై ద్రవము ధారాళముగా పాఱుటను చూచిరి. 2024లో కొందఱు దీనికి విరుద్ధమైన ఫలితములు చూపిరి. కనుక ఈ పద్దును ప్రస్తుతము అనామతుగా ఉంచుట మేలు.

నిద్ర బొత్తిగా లేకున్న ఏమగును? 1964 జనవరిలో అమెరికాలో ర్యాండీ గార్డ్‌నర్ అను 17 ఏండ్ల విద్యార్థి 264 గంటలు మేల్కొని చూపెను. నడుమ లేనివి ఉన్నట్లు కనబడినవి, మాట తడబడినది, చిన్న తీసివేతలు చేయుచు ఏమి చేయుచుండెనో మఱచెను. ఇంకెవరును ఇట్టిది చేయరాదు. షికాగోలో 1980లలో ఎలుకలను కొంచెమైనను నిద్రింపనీయక ఉంచగా రెండు మూడు వారములలో, తిండి ఎక్కువగా తినుచునే కృశించి, చనిపోయినవి. ఇంత దూరము పోనక్కఱలేదు. 2002లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఆరు రాత్రులు నాలుగేసి గంటలు మాత్రమే నిద్రించిన యువకులకు ఇన్‌ఫ్లుయెంజా టీకా వేయగా, పది దినముల పిమ్మట వారి రక్తములో పుట్టిన రక్షకపదార్థములు, చాలినంత నిద్రించినవారికి పుట్టినవానిలో సగమైనను లేకుండెను.

తెలుగు స్త్రీలు పాడుకొను ఊర్మిళాదేవి నిద్ర యను పాటలో ఒక లెక్క యున్నది. అడవిలో లక్ష్మణుడు 14 సంవత్సరములు రెప్ప వేయలేదు. ఇంటిలో ఊర్మిళ ఆ 14 సంవత్సరములు నిద్రించినది. కథ కల్పించినవారు తలచిన లక్ష్మణుని నిద్రను ఊరకే కొట్టివేయవచ్చును. కొట్టివేయలేదు. అతడు మానినదానిని మఱియొకరి ఖాతాకు వ్రాసిరి. చదువురాని ఆడువాండ్రు సైతము నిద్ర చెల్లింపక తీఱని పద్దని ఎఱిగి పాడినట్లున్నది.

సంసారములలో ఈ పద్దు ఎవరి పేర పడుచున్నదో చూచిన తెలియును. అప్పుడే పుట్టిన బిడ్డ దినమునకు 14 మొదలు 17 గంటలు నిద్రించును. అందు ఇంచుమించు సగము కలలనిద్రయే. ఆ నిద్రలోనే మెదడు కట్టడము సాగుచుండునని చెప్పుదురు. కాని మొదటి రెండు మూడు నెలలు ఆ పసిదేహములో గడియారము కుదురుకొనదు, రాత్రి పగలు తెలియవు, నిద్రయంతయు ముక్కలు ముక్కలు. తల్లి రాత్రికి నాలుగైదుమార్లు లేచును. లేచినప్పుడెల్ల ఆవృత్తి తెగి, మరల మొదటి మెట్టునుండి దిగవలయును. గాఢనిద్ర చేరులోపల మఱల పిలుపు. ఆమె కోల్పోయినది ఏ ఊర్మిళ ఖాతాకును చేరదు. ఉదయమున ఆమె విసుగును, మఱపును, కంటతడిని చూచి ఇంటివారు ఏమేమో పేర్లు పెట్టుదురు. మధ్యాహ్నమున అత్తగారో, ఆడబిడ్డయో, భర్తయో బిడ్డను ఎత్తుకొని ఆ గది తలుపు దగ్గఱగా వేసిన, రెండు గంటలలో ఒక పూర్తి ఆవృత్తి నడచును. అంతమేరకు చెల్లుపడును.